ఎం.ప్లాన్ విద్యార్థులు ఏం నేర్చుకున్నారో దేంతో కొలవాలి: మార్కులా, స్టూడియో రూబ్రిక్కా, ప్లేస్‌మెంటా?

పట్టణ ప్రణాళికలో రెండేళ్ల పీజీ (ఎం.ప్లాన్) పూర్తిచేసిన విద్యార్థులకు ఏం వచ్చో చూపించమంటే విభాగాలు మామూలుగా మూడు కాగితాలు ముందు పెడతాయి. ఒకటి, సెమిస్టర్ మార్కుల నుంచి లెక్కగట్టిన అటైన్‌మెంట్ (నేర్పాలనుకున్నది ఎంతమేరకు అందిందన్న) పట్టిక. రెండు, చివరి సెమిస్టర్లో నింపించిన ఎగ్జిట్ సర్వే. మూడు, ప్లేస్‌మెంట్ శాతం. ఈ మూడింటికీ కావాల్సిన సమాచారం అప్పటికే ఆఫీసులో ఉంటుంది కాబట్టి ఇవే వాడుకలో ఉన్నాయి. కానీ ప్లానర్ పని వచ్చా రాదా అన్నది బయటపడేది స్టూడియోలో (నిజమైన ప్రాంతానికి ప్రణాళిక తయారుచేసే ప్రాక్టికల్ కోర్సులో), థీసిస్‌లో. ఆ పనిని ఇద్దరు విడివిడిగా చదివి, ఒకే రూబ్రిక్ (అంశాల వారీగా స్థాయిలు రాసిన దిద్దుబాటు పట్టిక) మీద అంచనా వేయడం కష్టమే. ఏడాదికి ఇరవై ముప్పై మంది ఉండే విభాగానికి మాత్రం పెట్టిన శ్రమ అక్కడే గిట్టుబాటవుతుంది. మా సలహా సారాంశం ఇదే. ఎందుకో, ఏ పద్ధతి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ దెబ్బతీస్తుందో కింద వివరంగా చూద్దాం.

ఎవరి కోసం కొలుస్తున్నారు?

ముందు ఇది తేలాలి. అక్రెడిటేషన్ (కోర్సు నాణ్యతకు గుర్తింపు) ఫైలు కోసమైతే ప్రతి ఏటా ఒకే తీరులో వచ్చే అంకెలు కావాలి. సిలబస్ మార్చడానికైతే అంకె కన్నా తప్పు ఎక్కడ జరుగుతోందన్నది ముఖ్యం. చేరబోయే విద్యార్థులకు చెప్పడానికైతే ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులో పూర్తిచేశారు, ఏ పనిలో ఉన్నారు అన్నవి కావాలి. ఒకే కొలతతో ఈ మూడు అవసరాలూ తీర్చాలని చూస్తే ఏదీ సరిగ్గా తీరదు.

అమెరికాలో ప్లానింగ్ అక్రెడిటేషన్ బోర్డు గుర్తింపు ఉన్న ప్రోగ్రాములు కొన్ని అంకెలను బహిరంగంగా పెట్టాల్సిందే: మొదటి ఏడాది తర్వాత ఎంతమంది కొనసాగారు, ఎంతమంది పట్టా పొందారు, ఏడాదిలోపు ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఏఐసీపీ (అక్కడి ప్లానర్ల వృత్తి సంస్థ) పరీక్ష రాసినవారిలో ఎంతమంది పాసయ్యారు. ఆ పట్టికను మక్కీకి మక్కీ ఇక్కడికి తెచ్చుకోలేం. డిగ్రీ అయ్యాక పట్టభద్రులందరూ రాసే అలాంటి వృత్తి పరీక్ష మనకు లేదు. గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరు, తెలంగాణ పీజీఈసెట్ రెండూ ప్రవేశానికి సంబంధించినవి. వాటి ర్యాంకులు విద్యార్థి ఏం తెలుసుకుని వచ్చాడో చెబుతాయి, విభాగం ఏం నేర్పిందో చెప్పవు. మంచి గేట్ స్కోర్లున్న బ్యాచిని విభాగం ఘనతగా చూపించడం తరచూ జరిగే పొరపాటు.

మార్కుల నుంచి అటైన్‌మెంట్

పద్ధతి తెలిసిందే. ప్రతి కోర్సుకు నాలుగైదు కోర్సు అవుట్‌కమ్‌లు (కోర్సు అయ్యేసరికి విద్యార్థి చేయగలగాల్సినవి) రాస్తారు. ప్రశ్నపత్రంలో ఏ ప్రశ్న దేనికి చెందుతుందో గుర్తు పెడతారు. నిర్ణయించుకున్న మార్కును 60 శాతం మంది దాటితే స్థాయి 1, 70 శాతం దాటితే 2, 80 శాతం దాటితే 3 అని చాలా కాలేజీలు వాడతాయి. తర్వాత కోర్సుకూ, మొత్తం డిగ్రీకి పెట్టుకున్న ప్రోగ్రాం అవుట్‌కమ్‌కూ మధ్య సంబంధాన్ని 1, 2, 3గా రాసి, ఆ బరువులతో సగటు తీస్తారు.

దీనికి అదనపు శ్రమ దాదాపు లేదు. ప్లానింగ్ చట్టాలు, గణాంక పద్ధతులు, ట్రాఫిక్ లెక్కలు లాంటి థియరీ కోర్సులకు ఇది సరిపోతుంది. ఇబ్బంది చిన్న క్లాసుతోనే. 24 మంది ఉన్న క్లాసు తీసుకోండి. లక్ష్యం దాటింది 19 మందైతే 79 శాతం, స్థాయి 2. మరొక్కరు దాటితే 83 శాతం, స్థాయి 3. ఆ ఒక్కరికి పరీక్షనాడు జ్వరం వస్తే విభాగం స్థాయి మారిపోతుంది. 20 మందిలో 14 మంది దాటారంటే కాగితం మీద 70 శాతం. ఆ సంఖ్యకు 95 శాతం విశ్వాస పరిధి (అసలు విలువ ఉండగల హద్దులు) కడితే దాదాపు 48 నుంచి 85 వరకు వస్తుంది. ఈ ఏడు 70, నిరుడు 62, కాబట్టి మెరుగుపడ్డాం అని నివేదికలో రాయడానికి ఆధారం లేదన్నమాట. కనీసం మూడు బ్యాచిలు కలిపి చూడాలి.

మరో లోపం లోతైనది. పీజీ ఇంజినీరింగ్ ప్రోగ్రాములకు ఎన్‌బీఏ (జాతీయ అక్రెడిటేషన్ బోర్డు) ఇచ్చిన మూడు అవుట్‌కమ్‌లు ఇవి: స్వతంత్రంగా పరిశోధన చేసి వాస్తవ సమస్యను పరిష్కరించగలగడం, గట్టి సాంకేతిక నివేదిక రాసి సమర్పించగలగడం, తన విభాగంలో పట్టు చూపించడం. మొదటి రెండింటినీ మూడు గంటల రాతపరీక్ష పట్టుకోలేదు. ఇక ఇంటర్నల్ మార్కులు అందరికీ ఎనభై, తొంభై దగ్గరే ఉంటే ప్రతి ఏటా స్థాయి 3 వస్తుంది, దాన్నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఈ పద్ధతి వాడితే ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ఏ ప్రశ్న ఏ అవుట్‌కమ్‌కో ప్రశ్నపత్రం తయారయ్యేటప్పుడే రాయాలి. మార్కులొచ్చాక కూర్చుని గుర్తులు పెట్టే అలవాటుంటే ఆ పట్టికను నమ్మకండి.

స్టూడియో, థీసిస్ రూబ్రిక్

జ్యూరీ మార్కులకూ రూబ్రిక్‌కూ తేడా ఉంది. జ్యూరీలో షీట్లు గోడకు పెట్టి, విద్యార్థి పది నిమిషాలు మాట్లాడాక మొత్తంగా ఒక మార్కు వేస్తారు. త్రీడీ రెండర్ బాగుంటే ఆ మెరుపు కింద జనాభా లెక్కలోని తప్పు కనిపించదు. రూబ్రిక్‌లో ఒక్కో అంశాన్నీ విడిగా చూస్తారు, ప్రతి స్థాయిలో ఏం ఉండాలో ముందే రాసి పెడతారు. ఐదు అంశాలు చాలు: సమాచారం ఎక్కడిది, విశ్లేషణ సరైనదేనా, నిబంధనలకు తగ్గట్టుందా, ప్రత్యామ్నాయాలను పోల్చారా, ఎవరికి లాభం ఎవరికి నష్టం అన్నది తేల్చారా. ఎనిమిది తొమ్మిది పెడితే చదివేవాళ్లు అలసిపోయి చివరి వాటికి కళ్లు మూసుకుని ఒకే అంకె వేస్తారు.

స్థాయిల వర్ణనలో ‘బాగుంది’, ‘చాలా బాగుంది’ లాంటి మాటలు వద్దు. కాగితం మీద కంటికి కనిపించేది రాయాలి. జనాభా అంచనానే ఉదాహరణగా చూద్దాం. 2001 సెన్సస్‌లో అప్పటి ఎంసీహెచ్ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) జనాభా 36 లక్షల చిల్లర. 2011లో దాని స్థానంలో వచ్చిన జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షల పైచిలుకు. ఈ రెండూ తీసుకుని గుణోత్తర పద్ధతిలో లెక్కవేస్తే ఏడాదికి 6.3 శాతం పెరుగుదల వస్తుంది. దాన్నే 2041కి పొడిగిస్తే ఎక్కడా లేనన్ని ఇళ్లు, నీళ్లు కావాలని తేలుతుంది. అసలు సంగతేమిటంటే 2007లో ఎంసీహెచ్‌తో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ ఏర్పడింది, విస్తీర్ణం మూడు రెట్లకు పైగా పెరిగింది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, గీత జరిగింది. ఈ తప్పు స్టూడియో రిపోర్టుల్లో జరగడానికి అవకాశం ఎక్కువ, ఎందుకంటే రెండు అంకెలూ సెన్సస్‌వే, విడివిడిగా రెండూ సరైనవే.

దీని మీద స్థాయిలు ఇలా రాయొచ్చు. అంకె ఎక్కడిదో చెప్పకుండా ఒకే పద్ధతితో లెక్కవేస్తే 0. మూలం చెప్పినా హద్దుల మార్పు పట్టించుకోకపోతే 1. పాత సంవత్సరానికి కూడా ఇప్పటి హద్దుల్లోని జనాభాను కూడి, కనీసం రెండు పద్ధతులతో పోలిస్తే 2. దానికి తోడు ఏ ఊహ మారితే అంచనా ఎంత మారుతుందో, ఆ తేడా నీటి అవసరం మీదో స్కూళ్ల సంఖ్య మీదో ఎలా పడుతుందో చూపిస్తే 3. ఇలా రాసుంటే ఇద్దరు వేర్వేరు మనుషులు చదివినా ఒకే అంకెకు దగ్గరగా వస్తారు.

నిబంధనల అంశానికి చెరువు బఫర్ (చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన పట్టీ) మంచి పరీక్ష. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. విద్యార్థి రెండింటికీ 30 గీశాడా? ఎఫ్‌టీఎల్ గీతను ఉపగ్రహ చిత్రంలో కనిపించే నీటి అంచు నుంచి తీసుకున్నాడా, సర్వే మ్యాపు నుంచి తీసుకున్నాడా? ఎండాకాలం చిత్రంలో నీటి అంచు ఎఫ్‌టీఎల్ కన్నా చాలా లోపలికి ఉంటుంది, అక్కడి నుంచి బఫర్ గీస్తే శిఖం (చెరువు గర్భం) భూమి కట్టడాలకు వదిలేసినట్టే. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో లేయరు అక్షాంశ రేఖాంశాల్లోనే ఉండగా బఫర్ దూరం 30 అని కొడితే సాఫ్ట్‌వేర్ దాన్ని 30 డిగ్రీలుగా తీసుకుంటుంది. ముందుగా మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్‌కు, అంటే ఈపీఎస్‌జీ కోడ్ 32644కు మార్చాలి. (వికారాబాద్ వైపు పని చేసేవాళ్లు 78 డిగ్రీల రేఖాంశం దాటుతారు, అక్కడ జోన్ 43 అవుతుంది. దీన్ని గమనించిన విద్యార్థికి మ్యాపు మీద పట్టుందని తెలిసిపోతుంది.) పీడీఎఫ్ షీటు మాత్రమే తీసుకుంటే ఇవేవీ కనిపించవు. షీటుతో పాటు ప్రాజెక్టు ఫైలు, లెక్కల ఎక్సెల్ కూడా తీసుకోవాలి.

అమలు చేసే తీరు. గైడు తన విద్యార్థి పనికి రూబ్రిక్ వేయకూడదు. ఇద్దరు చదివేవాళ్లలో ఒకరు బయటి ప్లానర్ అయితే మేలు, హెచ్‌ఎండీఏ, డీటీసీపీ లాంటి ప్రభుత్వ ప్లానింగ్ సంస్థల్లోనో కన్సల్టెన్సీలోనో పనిచేసినవారైతే నిబంధనల తప్పులు వెంటనే పట్టేస్తారు. మొదలుపెట్టే ముందు పాత రిపోర్టులు మూడు, అంటే ఒక మంచిది, ఒక మధ్యరకం, ఒక బలహీనమైనది, ఇద్దరూ కలిసి చదవాలి. గంటన్నర పడుతుంది. అంకెలు ఎక్కడ తేడా వచ్చాయో మాట్లాడుకుని వర్ణన మార్చాలి. తర్వాత పేర్లు తీసేసిన రిపోర్టులు విడివిడిగా చదవాలి. ఒక్కోదానికి 40 నిమిషాలు అనుకుంటే 20 రిపోర్టులు, ఇద్దరు, మొత్తం 27 గంటల దాకా. ఈ సమయం ముందే కేటాయించకపోతే ఆఖరి వారంలో హడావిడిగా అయిపోతుంది, ఫలితం జ్యూరీ మార్కులకు నకలుగా మిగులుతుంది.

ఇద్దరి అంకెలూ కలిశాయా అన్నది శాతంతో చూస్తే మోసపోతాం. 20 రిపోర్టుల్లో ‘ప్రమాణానికి చేరింది’ అని ఇద్దరూ 10 సార్లు, ‘చేరలేదు’ అని ఇద్దరూ 4 సార్లు అన్నారనుకుందాం. మిగతా 6 చోట్ల తేడా వచ్చింది, అటు మూడు, ఇటు మూడు. కలిసింది 70 శాతం, వినడానికి బాగానే ఉంది. కానీ ఇద్దరూ 65 శాతం రిపోర్టులకు ‘చేరింది’ అనే అలవాటున్నవాళ్లు కాబట్టి చదవకుండా వేసినా 54.5 శాతం కలుస్తాయి. ఆ యాదృచ్ఛిక భాగం తీసేశాక మిగిలే కొలతే కోహెన్ కప్పా, ఇక్కడ అది 0.34. మామూలుగా 0.6 పైన ఉంటేనే సరిపోయిందంటారు. తక్కువొస్తే చదివినవాళ్లను తప్పుపట్టకండి, ఆ అంశపు వర్ణనను తిరగరాయండి.

గ్రూపు పని ఈ పద్ధతికి పెద్ద అడ్డంకి. స్టూడియోలో ఐదుగురు కలిసి ఒక రిపోర్టు ఇస్తే 20 మందికి నాలుగే రిపోర్టులు. మ్యాపులన్నీ ఒకరు గీసి, రాతంతా మరొకరు చేసినా అందరికీ అదే అంకె వస్తుంది. దీనికి పనిచేసే ఉపాయం ఒకటుంది: ప్రతి విద్యార్థికీ పది నిమిషాల వైవా పెట్టి, తాను గీయని షీటు మీద ప్రశ్నలు అడగడం. సర్వే ఎవరు చేసినా సరే, “మెహదీపట్నం రైతుబజార్ దగ్గర ట్రాఫిక్ ఏ వారం, ఏ గంటల్లో లెక్కపెట్టారు, ఆదివారం లెక్క ఎందుకు లేదు?” అనడిగితే పనిలో ఉన్నవాళ్లు, లేనివాళ్లు తెలిసిపోతారు. గ్రూపు అంకెకు పక్కన ఈ వ్యక్తిగత అంకె విడిగా ఉంచాలి. రెండూ కలిపేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ముందు ఒకసారి, చివర ఒకసారి

ఎం.ప్లాన్‌లో చేరేవాళ్లలో బీ.ప్లాన్ చదివినవాళ్లు, ఆర్కిటెక్టులు, సివిల్ ఇంజినీర్లు, భూగోళశాస్త్రం నుంచి వచ్చేవాళ్లు ఉంటారు. బీ.ప్లాన్ విద్యార్థి థీసిస్ బాగుంటే అది నాలుగేళ్ల ముందు చదువు ఫలమో ఈ రెండేళ్లదో చివరి రూబ్రిక్ చెప్పలేదు. అందుకు మొదటి సెమిస్టర్ రెండో వారంలో ఒక మూడు గంటల పని ఇవ్వాలి: ఒక వార్డు మ్యాపు, సెన్సస్ పట్టిక ఇచ్చి రెండు పేజీల నోటు రాయమనడం. నాలుగో సెమిస్టర్లో అదే కష్టస్థాయిలో వేరే వార్డు ఇవ్వాలి. రెండు విడతల జవాబులనూ తేదీలు తీసేసి, కలిపేసి ఒకేసారి దిద్దించాలి. విడివిడిగా దిద్దితే ‘సీనియర్లు కదా’ అని చివరి విడతకు చేయి కాస్త ధారాళంగా పడుతుంది.

నేపథ్యాల వారీగా పెరుగుదల చూస్తే ఉపయోగం. సివిల్ నుంచి వచ్చినవాళ్లు లెక్కల్లో ముందు నుంచీ బలంగా ఉండి, సామాజిక ప్రభావం దగ్గర రెండేళ్ల తర్వాత కూడా అక్కడే ఆగిపోతే, మార్చాల్సింది ఏ కోర్సో తెలుస్తుంది. కాకపోతే ఒక్కో నేపథ్యానికి ఐదారుగురే ఉంటారు, కాబట్టి శాతాలు వద్దు, అంకెలను ఉన్నదున్నట్టు పట్టికలో పెట్టండి. ఈ పనిని మార్కుల్లో కలపబోమని విద్యార్థులకు మొదటే చెప్పాలి.

ఎగ్జిట్ సర్వే

నో డ్యూస్ సంతకం కోసం క్యూలో ఉన్న విద్యార్థికి ఫారం ఇస్తే అన్నిటికీ 4 వేసి వెళ్లిపోతాడు. పట్టా చేతికొచ్చాక, పేరు లేకుండా నింపించండి. ‘జీఐఎస్ నైపుణ్యం వచ్చిందా?’ అని అడిగితే అందరూ వచ్చిందంటారు. ‘సర్వే నంబరు మ్యాపును జియోరెఫరెన్స్ చేసి (నేల మీది అసలు స్థానాలకు సరిపెట్టి) భూవినియోగ పటం ఎవరి సాయం లేకుండా తయారుచేయగలరా?’ అంటే జవాబు నిజానికి దగ్గరగా ఉంటుంది. అయినా ఇది విద్యార్థి నమ్మకాన్ని కొలుస్తుంది, నైపుణ్యాన్ని కాదు. రూబ్రిక్‌లో 1 వచ్చిన అంశంలోనే సర్వేలో 4 వేసుకుంటే, ఆ తేడాను క్లాసులో మాట్లాడాలి. సర్వే విలువ అంతవరకే.

ప్లేస్‌మెంట్, పూర్వ విద్యార్థులు

హైదరాబాద్‌లో ప్లానర్ల ఉద్యోగాల్లో పెద్ద భాగం ప్రభుత్వ నియామకాల మీద ఆధారపడి ఉంటుంది. టీజీపీఎస్సీ నోటిఫికేషన్ వచ్చిన ఏడాది బ్యాచికి అదృష్టం, రాని ఏడాది బ్యాచికి నిరీక్షణ. ఆరు నెలల ప్లేస్‌మెంట్ శాతం బోధన గురించి కన్నా నోటిఫికేషన్ గురించే ఎక్కువ చెబుతుంది. అందుకని పట్టా వచ్చిన ఏడాదికి ఒకసారి, మూడేళ్లకు ఇంకోసారి అడగాలి. ఉద్యోగం ఉందా లేదా అన్నది ఒక్కటే కాదు, ఏ పనో విడదీయాలి: ప్రభుత్వ ప్లానింగ్ విభాగం, కన్సల్టెన్సీ, రియల్ ఎస్టేట్, జీఐఎస్ కంపెనీ, పరిశోధన, పై చదువు, సంబంధం లేని పని, వెతుకుతున్నారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరిన పట్టభద్రుణ్ణి ‘ప్లేస్’ అయిన కింద కలిపేస్తే ప్రోగ్రాం గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది.

భాగహారంలో కిందున్న అంకెను ఎప్పుడూ అడగండి. 20 మంది పాసై, 12 మంది జవాబిచ్చి, వాళ్లలో 11 మంది పనిలో ఉంటే 92 శాతం అని రాస్తారు. జవాబివ్వని ఎనిమిది మందికీ పని లేదనుకుంటే 55, అందరికీ ఉందనుకుంటే 95. ఈ మూడు అంకెలూ వేయడం నిజాయితీ. ‘ప్లేస్‌మెంటుకు నమోదు చేసుకున్నవారిలో’ అనే మాట కింద ఎంతమంది జారిపోయారో చూడాలి. జీతం చెప్పేటప్పుడు సగటు వద్దు, మధ్యస్థం చెప్పాలి, ఒక్కరికి విదేశంలో ఉద్యోగం వస్తే సగటు ఎగిరిపోతుంది.

పూర్వ విద్యార్థులను మరో ప్రశ్న అడగడం మరవొద్దు: మొదటి ఏడాదిలో మీకు చేతకాక ఎవరినో అడగాల్సి వచ్చిన పని ఏమిటి? లేఅవుట్ పరిశీలన నోటు రాయడమా, భవన అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థలో ఫైలు చూడడమా, ప్రజాభ్యంతరాల మీద జవాబు రాయడమా? సిలబస్ కమిటీకి ఇది ఏ శాతం కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

మీ పరిస్థితికి ఏది?

అక్రెడిటేషన్ సందర్శన ఆరు నెలల్లో ఉంటే మార్కుల అటైన్‌మెంట్ ఆపకండి, దాని పక్కన థీసిస్ వరకు మాత్రం రూబ్రిక్ మొదలుపెట్టండి. ఎన్‌బీఏ మొదటి రెండు అవుట్‌కమ్‌లకు ప్రత్యక్ష ఆధారం అదే అవుతుంది. సందర్శన దూరంగా ఉండి, సిలబస్ మార్పు ముందుంటే స్టూడియో రూబ్రిక్, ప్రవేశ-నిష్క్రమణ పని రెండూ కలిపి పెట్టుకోండి, సర్వే వదిలేసినా నష్టం లేదు. అధ్యాపకులు ముగ్గురే ఉంటే ఒక్క స్టూడియో, రెండు అంశాలు, ఒక బయటి పాఠకుడు, అంతకు మించి మొదటి ఏడాది తలకెత్తుకోకండి.

చేరబోయే విద్యార్థులు విభాగాన్ని అడగాల్సింది: రెండేళ్ల కిందట ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమంది రెండేళ్లలో పూర్తిచేశారు, మూడేళ్ల కిందటి బ్యాచిలో ఎంతమంది ప్లానింగ్ పనిలో ఉన్నారు. ఒక మామూలు థీసిస్ చూపించమని కూడా అడగండి, బంగారు పతకం వచ్చినది కాకుండా.

రూబ్రిక్ మొదలుపెట్టిన విభాగానికి రెండో ఏడాది వచ్చే చిక్కు ఒకటుంది. చదివేవాళ్లు మారతారు, వర్ణనలు కొద్దిగా మారతాయి, అంకెలు పెరుగుతాయి, అది నిజమైన మెరుగుదలో చదివేవాళ్ల ఉదారతో తేలదు. అందుకే మొదటి ఏడు శిక్షణకు వాడిన మూడు పాత రిపోర్టులను దాచిపెట్టండి. ప్రతి ఏటా కొత్త రిపోర్టుల మధ్యలో వాటిని గుర్తు తెలియకుండా కలిపి ఇవ్వండి. ఒకసారి చూసినవాళ్లు గుర్తుపట్టే వీలుంది కాబట్టి ఈ మూడింటినీ ఆ ఏడు కొత్తగా వచ్చిన పాఠకుడికే ఇవ్వాలి. అవే పాత రిపోర్టులకు ఈ ఏడు అర స్థాయి ఎక్కువ వస్తే, కొత్తవాటికి వచ్చిన పెరుగుదలలో అంత భాగం తీసేసి నివేదికలో రాయాలి.